ఉన్ని లేని గొర్రెలకు వానాకాలమే పరీక్ష: భిలాయ్ వరి నేలల్లో నెల్లూరు జాతి పెంపకం ఎలా?

భిలాయ్ (ఛత్తీస్‌గఢ్): నెల్లూరు గొర్రె ఎండకు పుట్టిన జీవం. ఒంటిపై ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే ఉంటాయి. ఏటా బొచ్చు కత్తిరించే ఖర్చు లేదు. 44 డిగ్రీల ఎండలోనూ మేతకు వెళ్తుంది. చిన్న కమతంలో పదీ ఇరవై జీవాలతో మొదలుపెట్టాలనుకునే రైతుకు ఇవన్నీ కలిసొచ్చే గుణాలే. అయితే ఆంధ్రప్రదేశ్ మెట్ట భూముల్లో నిలదొక్కుకున్న ఈ జాతిని భిలాయ్ చుట్టుపక్కల వరి పొలాల మధ్యకు తెస్తే లెక్క మారుతుంది. ఇక్కడ మందను దెబ్బతీసేది వేసవి కాదు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వాన. మొదటి వానాకాలాన్ని మంద ఎలా దాటిందన్న దానిపైనే రైతు లాభనష్టాలు ఆధారపడతాయి.

భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచీ వచ్చినవారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఇంతటి పట్టణం పక్కన ఉండడం వల్ల పరిసర గ్రామాల రైతులకు మాంసం, పాలు, కూరగాయల మార్కెట్ దగ్గరలోనే దొరుకుతుంది. ఆ మార్కెట్‌ను నమ్ముకుని గొర్రెల వైపు చూసే రైతు ముందుగా తెలుసుకోవాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి.

ఉన్ని లేని గొర్రెలు అంటే ఏవి?

గొర్రె అనగానే ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నే గుర్తొస్తుంది. దక్షిణ భారతంలో మాత్రం మాంసం కోసం పెంచే వెంట్రుకల జాతులదే పైచేయి. ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరు, మాచర్ల జాతులు, తమిళనాడులో మద్రాస్ రెడ్, మేచేరి ఈ కోవలోనివే. తెలంగాణలో తరతరాలుగా ఉన్న దక్కనీ గొర్రె ముతక ఉన్ని జాతి. దాని బొచ్చుతోనే గొంగళ్లు నేసేవారు. గొంగళ్లకు గిరాకీ తగ్గి మాంసం ధర పెరగడంతో దక్కనీ మందల్లోకి నెల్లూరు పొట్టేళ్లు వచ్చి చేరాయి. ఉన్ని ధర కత్తిరింపు కూలికి కూడా చాలని పరిస్థితి ఇతర దేశాల్లోనూ వచ్చింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 1950ల చివర్లో కరీబియన్ దీవుల వెంట్రుకల గొర్రెలను తెప్పించి కటాడిన్ జాతిని రూపొందించారు. దక్షిణాఫ్రికాలో డార్పర్ జాతి పుట్టుకకూ మాంసమే ప్రధాన కారణం.

మన దేశంలోని గొర్రెల్లో నెల్లూరు జాతి ఎత్తైనది. పొడవాటి కాళ్లు, వేలాడే చెవులతో దూరం నుంచి మేకలా కనిపిస్తుంది. పొట్టేళ్లకు కొమ్ములుంటాయి, ఆడవాటికి సాధారణంగా ఉండవు. రంగును బట్టి ఇందులో మూడు రకాలు. తెల్లని ఒంటిపై మూతి, కళ్లు, దవడ వద్ద నల్లని మచ్చలున్నవి జోడిపి. పూర్తిగా తెల్లగా గానీ, తెలుపుపై లేత గోధుమ మచ్చలతో గానీ ఉండేవి పల్ల. ఒళ్లంతా ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉండేవి దొర. చిత్తూరు జిల్లా పలమనేరులోని పశు పరిశోధన స్థానంలో ఈ జాతి అభివృద్ధిపై చాలాకాలంగా పని జరుగుతోంది.

వెంట్రుకల గొర్రెలకు నట్టల బెడద ఉండదన్న ప్రచారం ఒకటి ఉంది. ఇది సగం నిజం. సెయింట్ క్రాయ్, బార్బడోస్ బ్లాక్‌బెల్లీ వంటి కొన్ని కరీబియన్ జాతులకు పొట్టలోని నట్టలను తట్టుకునే శక్తి ఎక్కువని పరిశోధనల్లో తేలింది. ఆ గుణాన్ని వెంట్రుకలున్న ప్రతి జాతికీ అంటగట్టడం సరికాదు. ఉన్ని లేకపోవడం ఎండ నుంచి కాపాడుతుందే తప్ప రోగాల నుంచి కాపాడదు.

వరి నేలలో చిక్కు ఎక్కడ?

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు సుమారు 7.4 కోట్లు. వాటిలో దాదాపు 1.9 కోట్లు తెలంగాణలో, 1.76 కోట్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో గొర్రెలు రెండు లక్షలైనా లేవు. మేకలు మాత్రం దాదాపు 40 లక్షలు. అలవాటు లేకపోవడం ఒక్కటే ఈ తేడాకు కారణం కాదు. మేక తలెత్తి ఆకు అందుకుని తింటుంది. గొర్రె తలవంచి నేలకు ఆనుకుని గడ్డి కొరుకుతుంది. తడి నేలపై నట్టల పిల్లలు, నత్తల నుంచి వెలువడిన జలగ పిల్లలు ఉండేది ఆ గడ్డి మొదళ్ల దగ్గరే. వరి ప్రాంతంలో గొర్రెకు ముప్పు నోటి నుంచే మొదలవుతుంది.

గొర్రెల కాపరులకు ఈ నేల కొత్త కాదు. కచ్ఛ్ ప్రాంతపు రబారీలు ఒంటెలపై సామాను వేసుకుని, గొర్రెల మందలతో ఛత్తీస్‌గఢ్ గ్రామాల మీదుగా సాగిపోవడం ఇక్కడివారికి తెలిసిన దృశ్యమే. కోతలయ్యాక పొలాల్లో మంద కట్టి, ఎరువుకు బదులుగా ధాన్యమో డబ్బో తీసుకోవడం వారి పద్ధతి. ఒకచోట నిలవకుండా మేపు మార్చుకుంటూ పోవడమే వారికి రక్షణ. రెండు మూడు ఎకరాల రైతుకు ఆ వెసులుబాటు లేదు. అతని మంద ఏడాదంతా అదే నేలపై ఉంటుంది. కాబట్టి కదలికతో వారు సాధించే రక్షణను ఇతడు కొట్టం, మేత, కాలెండర్‌లతో సాధించాలి.

నేల ఎంపిక మొదటి మెట్టు. ఈ ప్రాంత రైతులు భూములను భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని విభజిస్తారు. భాటా అంటే ఎత్తున ఉండే ఎర్రని గరప నేల. అక్కడ నీరు నిలవదు. కన్హార్ నల్లని బంకమట్టి, వాన పడితే రోజుల తరబడి తడిగానే ఉంటుంది. పంటకు అంతగా పనికిరాని భాటా చెక్కే గొర్రెల కొట్టానికి అన్నింటికన్నా అనువైనది. కన్హార్ నేల తప్ప మరొకటి లేని రైతు ఎత్తైన మచాన్ కొట్టం కట్టగలిగితేనే ఈ పనికి పూనుకోవడం మంచిది.

ఈతల లెక్కలో అసలు కిటుకు

గొర్రె చూలు కాలం సుమారు 150 రోజులు. మూడు నెలలకు పిల్లను పాలు మాన్పిస్తే ఎనిమిది నెలలకు ఒక ఈత చొప్పున రెండేళ్లలో మూడు ఈతలు వస్తాయి. శిక్షణ తరగతుల్లోనూ, ప్రాజెక్టు నివేదికల్లోనూ కనిపించే లెక్క ఇదే. భిలాయ్ పరిసరాల్లో ఈ లెక్కను కాలెండర్‌పై పెట్టి చూడాలి. నవంబరులో ఈనిన గొర్రె మళ్లీ జులైలో, ఆ తరువాత మార్చిలో, తిరిగి నవంబరులో ఈనుతుంది. అంటే ప్రతి మూడు ఈతల్లో ఒకటి నడి వానాకాలంలో పడుతుంది.

ఉదాహరణకు 20 తల్లి గొర్రెల మందలో ఈతకు 18 పిల్లలు పుడతాయనుకుందాం. ఏడాదికి ఒక్క ఈత చొప్పున, అదీ నవంబరులోనే వచ్చేలా చూసుకుంటే రెండేళ్లలో 36 పిల్లలు. పదిశాతం పోయినా 32 మిగులుతాయి. మూడు ఈతల పద్ధతిలో 54 పిల్లలు పుడతాయి. జులై ఈతలో పుట్టిన 18 పిల్లల్లో సగం పోయాయనుకున్నా మొత్తం మీద 41 మిగులుతాయి. కాగితంపై తొమ్మిది పిల్లల లాభం కనిపిస్తుంది. తల్లుల నష్టం మాత్రం ఆ కాగితంపై ఉండదు. వానలో, తడి మేతతో, నట్టల బారిన పడి, పాలిస్తూ చిక్కిపోయిన గొర్రెలు రెండు మూడు చనిపోతే పోయేది ఆ ఏటి పిల్లలే కాదు. అవి నాలుగైదేళ్లలో ఇవ్వాల్సిన పిల్లలన్నీ పోయినట్టే.

అందువల్ల కొత్తగా మొదలుపెట్టేవారు తొలి రెండేళ్లు ఏడాదికి ఒక ఈతతో సరిపెట్టుకోవడం మేలు. జూన్, జులై నెలల్లో పొట్టేలును మందలో వదిలితే నవంబరు, డిసెంబరులలో పిల్లలు పుడతాయి. ఫిబ్రవరి, మార్చిలో పొట్టేలును వేరుగా కట్టేయాలి. ఎత్తైన కొట్టం, ఎండు మేత నిల్వ సమకూరి, వానాకాలపు మరణాలు అదుపులోకి వచ్చాక మూడు ఈతల పద్ధతికి మారవచ్చు.

కొనుగోలు ఎప్పుడు? ఎలా?

కోతలు ముగిసే నవంబరు, డిసెంబరు కొనుగోలుకు అనువైన కాలం. అప్పటి నుంచి తొలి వాన పడేలోగా ఆరేడు నెలలు గడువు దొరుకుతుంది. కొత్త నీటికీ మేతకూ మంద అలవాటు పడేందుకు, టీకాలు పూర్తి చేసేందుకు ఈ వ్యవధి అవసరం. మే, జూన్ నెలల్లో తక్కువ ధరకు దొరికాయని తెచ్చిన గొర్రెలు ప్రయాణపు బడలిక తీరకముందే వానలో చిక్కుకుంటాయి.

సంతలో కొనడం కన్నా కాపరి మంద వద్దే కొనడం సురక్షితం. సంతలో ఎన్నో ఊళ్ల జీవాలు ఒకచోట చేరతాయి, వాటితోపాటు రోగాలూ చేరతాయి. కొనేముందు పళ్లు చూడాలి. రెండు లేదా నాలుగు పళ్లు వేసిన గొర్రె ఈనే వయసులో ఉన్నట్టు. పొదుగును చేత్తో తడిమి గడ్డలు లేవని నిర్ధారించుకోవాలి. కింది కనురెప్పను విప్పి చూస్తే ఎర్రగా ఉండాలి. తోక కింద పారుడు మరకలు ఉండకూడదు. నడిపించి చూస్తే కుంటకూడదు.

తెచ్చిన జీవాలను మూడు నాలుగు వారాల పాటు పాత మందకు దూరంగా ఉంచాలి. ఆ గడువులోనే నట్టల మందు, టీకాలు వేయించాలి. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో ప్రారంభించిన గొర్రెల పంపిణీ పథకంతో '20 గొర్రెలు, ఒక పొట్టేలు' అన్న యూనిట్ అందరికీ పరిచయమైంది. అనుభవం లేని రైతు అందులో సగంతో మొదలుపెట్టి, ఒక వానాకాలం దాటాక పెంచుకోవడం మంచిది. ఒడిశాకు చెందిన గంజాం, బలంగీర్ గొర్రెలు వాన ప్రాంతాలకు అలవాటుపడినవి. నెల్లూరు పొట్టేలును అలాంటి తల్లులతో కలపడం మరో మార్గం. పిల్లల ఎదుగుదల కొంత తగ్గినా తల్లుల మనుగడ మెరుగ్గా ఉండే అవకాశం ఉంది.

కొట్టం: నేల పొడిగా ఉంటే సగం వైద్యం అయినట్టే

ఒక్కో తల్లి గొర్రెకు 10 నుంచి 12 చదరపు అడుగులు, పిల్లకు నాలుగైదు, పొట్టేలుకు 20 నుంచి 25 చదరపు అడుగుల కప్పు ఉన్న చోటు కావాలి. దానికి రెట్టింపు విస్తీర్ణంలో కంచె వేసిన ఖాళీ స్థలం ఉండాలి. కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపలికి పడదు. చూరు మూడు అడుగులు ముందుకు దిగాలి. లేకపోతే వానజల్లు లోపలి నేలను తడిపేస్తుంది.

వాన ఎక్కువగా ఉండే చోట వెదురు లేదా చెక్క బద్దలతో నేలకు మూడు నుంచి ఐదు అడుగుల ఎత్తున మచాన్ కొట్టం మేలు. బద్దల మధ్య సందు సుమారు అర అంగుళం ఉంటే పెంటికలు కిందికి రాలిపోతాయి, గిట్టలు ఇరుక్కోవు. మందంతటికీ కట్టే స్తోమత లేనప్పుడు పిల్లలకు, చూడి గొర్రెలకు మాత్రమైనా కట్టాలి. మట్టి నేల అయితే వారానికోసారి పొడి సున్నం చల్లి, తడిసిన పై మట్టిని తీసివేయాలి. శీతాకాలపు రాత్రుల్లో దుర్గ్ ప్రాంతంలో చలి తీవ్రంగా ఉంటుంది. ఉన్ని లేని పిల్లలు దానికి తట్టుకోలేవు. ఉత్తరం వైపు గోనె పట్టాలు కట్టి, కింద ఎండు గడ్డి పరవాలి.

మేత: పొలాలు మూసే నాలుగు నెలలే గడ్డుకాలం

ఖరీఫ్ పైరు కాపాడేందుకు పశువులను పొలాల్లోకి వదలకుండా కట్టడి చేసే ఆచారం ఛత్తీస్‌గఢ్ గ్రామాల్లో ఉంది. దాన్ని 'రోకా-ఛేకా' అంటారు. అంటే నాట్ల నుంచి కోతల దాకా బయట మేపు దాదాపు దొరకదు. 30 కిలోల గొర్రెకు రోజుకు కిలో నుంచి 1.2 కిలోల ఎండు పదార్థం కావాలి. స్థూలంగా మూడు కిలోల పచ్చిమేత, అరకిలో వరకు ఎండుమేత, 150 నుంచి 200 గ్రాముల దాణాతో అది సమకూరుతుంది. 20 గొర్రెలకు రోజుకు 60 కిలోలు, 120 రోజులకు 7.2 టన్నుల పచ్చిమేత. ఇంత మేత సిద్ధంగా లేనివారు మందను తెచ్చుకోకపోవడమే మంచిది.

నీటి వసతి ఉన్న అర ఎకరంలో సగం నేపియర్ గడ్డి, సగం హెడ్జ్ లూసర్న్ వంటి కాయజాతి మేత వేస్తే ఈ అవసరం తీరుతుంది. గట్ల మీద సుబాబుల్, అవిసె నాటుకోవచ్చు. నేపియర్‌ను చాఫ్ కట్టర్‌తో ముక్కలు చేసి, కోసిన తరువాత కొన్ని గంటలు వాడనిచ్చి వేయాలి. ఈ ప్రాంతపు వరి గట్లపై తుమ్మచెట్లు పెంచడం పాత ఆనవాయితీ. వేసవిలో రాలే తుమ్మకాయలు గొర్రెలకు మంచి మేత. వాటిని ఏరి, ఎండబెట్టి నిల్వ చేసుకోవచ్చు. వరి గడ్డి కడుపు నింపుతుంది గానీ బలం ఇవ్వదు. శనగ, కంది, పెసర పొట్టు, వేరుశనగ కట్టె దొరికినంత కొని వానకు ముందే పొడి చోట భద్రపరచాలి.

దాణాను ఇంట్లోనే కలుపుకోవచ్చు. 100 కిలోలకు నూకలు లేదా మొక్కజొన్న 35, వేరుశనగ లేదా సోయా చెక్క 25, పప్పు మిల్లు చున్నీ 20, తవుడు 17, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో చొప్పున కలిపితే సరిపోతుంది. ఇక్కడ మూడు జాగ్రత్తలు ముఖ్యం.

మొదటిది తవుడు. రైసు మిల్లులు ఎక్కువ కాబట్టి చవకగా దొరుకుతుంది. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. తవుడే ప్రధానంగా పెడితే పొట్టేళ్లకు మూత్రంలో రాళ్లు ఏర్పడి, మూత్రం బిగిసి చనిపోయే ప్రమాదం ఉంది. రెండోది ధాన్యం. కళ్లంలోకి చొరబడిన గొర్రె వడ్లు, నూకలు ఎక్కువగా తింటే కడుపులో ఆమ్లం పెరిగి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మూడోది రాగి. పశువులకు, కోళ్లకు తయారుచేసిన దాణాలు, ఖనిజ మిశ్రమాల్లో ఉండే రాగి గొర్రె కాలేయంలో పేరుకుని విషమవుతుంది. గొర్రెల కోసం తయారైన మిశ్రమాన్నే వాడాలి. ఇవి కాక మోకాలెత్తు దాటని లేత జొన్న పైరు, లాంటానా పొదలు మందకు అందకుండా చూడాలి.

నట్టలు, జలగలు, గిట్టల కుళ్లు

వానాకాలంలో గొర్రెలను ఎక్కువగా చంపేది హీమాంకస్ అనే నట్ట. అది పొట్ట గోడకు పట్టుకుని రక్తం పీలుస్తుంది. దాని పిల్లలు తడి ఉన్న గడ్డి పోచలపైకి పాకి ఉంటాయి. మంచు ఆరాక, ఉదయం తొమ్మిది పది గంటల తరువాతే మందను వదలడం, గడ్డిని మరీ మొదలంటా మేయనివ్వకపోవడం, మేపు స్థలాన్ని భాగాలుగా చేసి మార్చుతూ ఉండడం దీనికి విరుగుడు.

నెలనెలా మందంతటికీ మందు తాగించడం ఒకప్పటి అలవాటు. దానివల్ల మందుకు లొంగని నట్టలు తయారవుతున్నాయి. దక్షిణాఫ్రికాలో రూపొందిన ఫమాచా పద్ధతి ఇందుకు ప్రత్యామ్నాయం. కింది కనురెప్ప లోపలి రంగును ఐదు మెట్ల రంగుల కార్డుతో పోల్చి, పాలిపోయిన జీవాలకే మందు వేస్తారు. వానాకాలంలో రెండు వారాలకోసారి ఈ పరీక్ష చేయాలి. పేడ పరీక్ష చేయించి మందు ఎంచుకోవడం ఇంకా మేలు. చూలు తొలి దశలో ఉన్న గొర్రెలకు ఆల్బెండజోల్ వేయకూడదు.

కార్జపు జలగల సంగతి వేరు. కుంటలు, పొలం కాలువల్లోని నత్తల ద్వారా ఇవి వ్యాపిస్తాయి. వానలు తగ్గాక, అక్టోబరు నుంచి జనవరి వరకు వీటి ప్రభావం బయటపడుతుంది. గొర్రె చిక్కిపోవడం, దవడ కింద నీరు దిగి వాచడం లక్షణాలు. మామూలు నట్టల మందులన్నీ జలగలపై పనిచేయవు. ట్రైక్లాబెండజోల్, ఆక్సిక్లోజనైడ్ వంటి ప్రత్యేక మందులను పశువైద్యుని సలహాతో వాడాలి. కోసిన వరి పొలం ఎంత పచ్చగా కనిపించినా తేమ ఆరేదాకా అందులోకి మందను వదలకూడదు. తాగునీరు కుంటలో కాకుండా తొట్టిలోనే పెట్టాలి.

బురదలో తిరిగే గొర్రెలకు గిట్టల సందులు కుళ్లి కుంటుతాయి. కొట్టం ద్వారం వద్ద పదిశాతం జింక్ సల్ఫేట్ ద్రావణంతో నిస్సారమైన తొట్టి కట్టి, వారానికి రెండుసార్లు మందను అందులోంచి నడిపించాలి. పెరిగిన గిట్టలను వానకు ముందే చెక్కాలి.

టీకాల కాలెండర్

పారుడు రోగంగా పిలిచే పీపీఆర్ ఒక్కసారి మందలోకి వస్తే పిల్లలను వరుసగా బలితీసుకుంటుంది. మన దేశంలోనే తయారైన టీకాను మూడు నాలుగు నెలలు దాటిన పిల్లలకు ఒక్క మోతాదు వేస్తే దాదాపు మూడేళ్లు రక్షణ ఉంటుంది. ఈ వ్యాధిని 2030 నాటికి ప్రపంచమంతటా నిర్మూలించాలన్నది అంతర్జాతీయ లక్ష్యం.

చిటుకు రోగం, గొంతువాపు టీకాలను ఏటా వానకు ముందు, మే నెలలోనే పూర్తిచేయాలి. చిటుకు రోగం తొలకరి లేత గడ్డిని ఆబగా తిన్న బలమైన జీవాలనే ముందు పట్టుకుంటుంది. సాయంత్రం బాగున్న గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. అప్పుడు చేసే వైద్యం ఏమీ ఉండదు. నీలి నాలుక వ్యాధిని వానల అనంతరం చిన్న కుట్టుడు పురుగులు వ్యాప్తి చేస్తాయి. దీనికి ఐదు రకాల వైరస్‌లపై పనిచేసే టీకా అందుబాటులో ఉంది. సాయంత్రం వేళ కొట్టంలో వేపాకు పొగ వేయడం పురుగుల బెడదను కొంత తగ్గిస్తుంది. గాలికుంటు, బొబ్బ రోగం టీకాలను స్థానిక పశుసంవర్ధక శాఖ సమయపట్టిక ప్రకారం వేయించాలి. మంద కట్టేందుకు వచ్చే వలస మందలతో మన గొర్రెలను కలిపి మేపకూడదు, ఒకే తొట్టిలో నీళ్లు తాగించకూడదు.

సంచార పశువైద్య వాహనం కోసం టోల్ ఫ్రీ నంబరు 1962కు ఫోన్ చేయవచ్చు. దుర్గ్ సమీపంలోని అంజోరాలో వెటర్నరీ కళాశాల, కామధేను విశ్వవిద్యాలయం ఉండడం ఈ ప్రాంత రైతులకు పెద్ద ఆసరా. అకారణంగా చనిపోయిన జీవానికి పోస్టుమార్టం చేయిస్తే మిగిలిన మందను కాపాడుకునే దారి తెలుస్తుంది. నోరు, ముక్కు నుంచి నల్లని రక్తం కారుతూ చనిపోతే మాత్రం దొమ్మ రోగమని అనుమానించి, కోయకుండా, తాకకుండా వెంటనే పశువైద్యునికి తెలపాలి.

పుట్టిన తొలి గంట

పొట్టలోని పిండం ఎదుగుదలలో అధిక భాగం చివరి ఆరు వారాల్లోనే జరుగుతుంది. ఆ సమయంలో చూడి గొర్రె దాణాను 250 నుంచి 300 గ్రాములకు పెంచాలి. ఈతకు నాలుగు వారాల ముందు చిటుకు రోగం టీకా వేస్తే తల్లి పాల ద్వారా పిల్లకూ రక్షణ అందుతుంది.

పిల్ల పుట్టగానే ముక్కు, నోరు శుభ్రం చేసి, తల్లిని నాకనివ్వాలి. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్దాలి. తొలి గంటలోపే జున్ను పాలు తాగించాలి. రెండున్నర కిలోల పిల్లకు మొదటి 24 గంటల్లో దాదాపు 250 మిల్లీలీటర్ల జున్ను పాలు అందాలి. తల్లికి పాలు లేకపోతే మరో గొర్రె జున్ను పాలైనా పట్టాలి. రోగాలతో పోరాడే శక్తి పిల్లకు పుట్టుకతో రాదు, ఆ పాలతోనే వస్తుంది. రెండు వారాల వయసు నుంచి లేత ఆకు, పిల్లల దాణా అలవాటు చేసి, మూడు నెలలకు పాలు మాన్పించాలి.

20 నుంచి 25 గొర్రెలకు ఒక విత్తన పొట్టేలు చాలు. రెండేళ్లకోసారి దాన్ని మార్చకపోతే సొంత కూతుళ్లతోనే కలిసి, పుట్టే పిల్లలు బలహీనమవుతాయి. పొరుగు రైతుతో పొట్టేళ్లను మార్చుకుంటే ఖర్చు లేకుండా పని జరుగుతుంది. జత కట్టే కాలానికి రెండు మూడు వారాల ముందు నుంచి గొర్రెలకు అదనంగా 200 గ్రాముల దాణా ఇస్తే చూలు నిలిచే అవకాశం పెరుగుతుంది.

అమ్మకం, అప్పు, బీమా

మధ్య భారతంలో మేక మాంసానికి ఉన్న ఆదరణ గొర్రె మాంసానికి లేదు. భిలాయ్‌లో స్థిరపడిన దక్షిణాది కుటుంబాలు, హోటళ్లు, బక్రీదుకు పొట్టేళ్లు కొనేవారు గొర్రెల రైతుకు తొలి ఖాతాదారులు కాగలరు. మందను తేవడానికి ముందే వారిని వెతుక్కోవాలి. దళారులు కంటిచూపుతో ధర కట్టే చోట వేలాడదీసే కాటా ఒకటి కొనుక్కుంటే దాని ఖరీదు త్వరగానే తిరిగివస్తుంది. తూకం పట్టుకుని బేరమాడే రైతుకు మాట మీద పట్టు ఉంటుంది. నెలకోసారి పిల్లలను తూచి రాసుకుంటే ఎదుగుదల ఆగిన పిల్లనూ, పాలు చాలని తల్లినీ సకాలంలో గుర్తించవచ్చు.

జాతీయ పశుసంపద మిషన్ కింద 100 గొర్రెలు, 5 పొట్టేళ్ల యూనిట్ నుంచి 500 గొర్రెలు, 25 పొట్టేళ్ల యూనిట్ దాకా 50 శాతం పెట్టుబడి రాయితీ ఉంది. గరిష్ఠ పరిమితి యూనిట్‌ను బట్టి రూ.10 లక్షల నుంచి రూ.50 లక్షల వరకు. ఇరవై గొర్రెల రైతు ఈ పథకం పరిధిలోకి రాడు. అతనికి అందుబాటులో ఉన్నది పశుపోషణకూ విస్తరించిన కిసాన్ క్రెడిట్ కార్డు. దాణా, మందులు, టీకాల వంటి నిర్వహణ ఖర్చుకు దాన్ని వాడుకోవచ్చు. ప్రతి జీవానికీ చెవి పోగు వేయించి బీమా చేయించుకోవాలి. పోగు లేకపోతే పరిహారం అడిగే దారి ఉండదు.

పెంటికలను కూడా ఆదాయంగానే చూడాలి. మచాన్ కింద పోగయ్యే ఎరువు సొంత వరి మడికి, మేత మడికి సరిపోతుంది. మిగిలితే కూరగాయల రైతులు కొంటారు.

చేపట్టే ముందు నాలుగు ప్రశ్నలు

వాన వెలిసిన గంటలో ఆరిపోయే ఎత్తైన నేల ఉందా? నాలుగు నెలలకు సరిపడా మేత, పొడి చోట నిల్వ ఉన్నాయా? మేలోపు టీకాలన్నీ పూర్తవుతాయా? పిల్లలను కొనేవారు ఎవరో తెలుసా? ఈ నాలుగింటికీ అవునన్న జవాబు ఉంటే పది గొర్రెలతో మొదలుపెట్టవచ్చు. ఒక్కదానికి లేదన్న జవాబు వచ్చినా, అది సమకూరే దాకా ఆగడం వల్ల పోయేది ఒక ఏడాది. తొందరపడితే మంద మొత్తం పోవచ్చు.